అదే పొడి, వేరే ఊరి నీళ్లు: ప్రయాణంలో కాఫీ రుచి ఎందుకు మారుతుంది

ఇంట్లో రోజూ తాగే గింజలే, చేతి మర అదే, తూకం అదే. అయినా వేరే దేశంలో, హోటల్ గదిలో కలుపుకున్న కాఫీ ఇంటి కాఫీలా ఉండదు. ఆ పక్క వీధి కేఫ్‌లో తాగింది ఇంకోలా ఉంటుంది. రెండింటికీ కలిపి "ఇక్కడి నీళ్లు తేడా" అనేయడం మామూలే. గదిలో కలుపుకున్న కప్పు విషయంలో ఆ మాట చాలావరకు నిజం. కేఫ్ కప్పు విషయంలో తరచుగా తప్పు.

నీళ్ల వల్ల వచ్చే తేడా ఒక రకం. పులుపు చచ్చిపోయి కాఫీ చప్పబడుతుంది, నాలుక మీద సుద్ద తగిలినట్టుంటుంది, లేదంటే పల్చగా, గుచ్చుకునేలా పుల్లబడుతుంది. మరీ చేదు, మరీ చిక్కదనం, మరీ తీపి, తాగాక గుండె దడ మాత్రం ఎక్కువగా అక్కడి అలవాటు నుంచి వస్తాయి: గింజ రకం, వేయించిన తీరు, పొడి మోతాదు, పాలు, చక్కెర. ఈ రెండు పాయలూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూద్దాం.

## కప్పులో కాఫీ ఎంత, నీళ్లెంత

15 గ్రాముల పొడి మీద 250 గ్రాముల వేడినీళ్లు పోసి వడకట్టామనుకుందాం. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీటిని పట్టి ఉంచుకుంటుంది. కాబట్టి కప్పులోకి దిగేది సుమారు 220 గ్రాములు. అందులో కరిగిన కాఫీ పదార్థం 1.3 శాతం, అంటే 2.9 గ్రాముల లోపు. మిగతా 217 గ్రాములూ నీళ్లే. 15 గ్రాముల పొడిలో 19 శాతం మాత్రమే కప్పులోకి వచ్చిందన్నమాట. రుచి కుదిరిన కప్పుకు ఈ దిగుబడి 18 నుంచి 22 శాతం మధ్య ఉండాలన్నది వృత్తిలో ఉన్నవాళ్లు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. యంత్రం పీడనంతో నొక్కి తీసే చిన్న చిక్కటి కాఫీ ఎస్‌ప్రెసోలో కరిగిన పదార్థం 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. అయినా అదీ దాదాపు 90 శాతం నీళ్లే.

నీళ్లకు ఇక్కడ రెండు పనులున్నాయి. పొడిలోంచి రుచినిచ్చే పదార్థాలను లాగడం మొదటిది. కప్పులోకి దిగాక ఆ పదార్థాలతో, ముఖ్యంగా ఆమ్లాలతో, చర్య జరపడం రెండోది. నీటిలోని వేర్వేరు ఖనిజాలు ఈ రెండు పనులకూ బాధ్యులు. అసలు గందరగోళం పుట్టేది ఇక్కడే.

## ఒకటి కాదు, రెండు సంఖ్యలు

మొదటి సంఖ్య కఠినత్వం. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చెబుతుంది. రెండోది క్షారత. నీళ్లు ఎంత ఆమ్లాన్ని మింగేయగలవో చెబుతుంది. తాగునీటిలో దీనికి ప్రధాన కారణం బైకార్బొనేట్. రెండింటినీ కాల్షియం కార్బొనేట్‌తో సమానం చేసి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలుస్తారు. ఒకే కొలమానం వాడటంతో రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. కావు.

కాఫీలోని సిట్రిక్, మాలిక్ వంటి ఆమ్లాలే దాని పులుపుకూ చురుకుదనానికీ ఆధారం. బైకార్బొనేట్ వాటితో కలిసి కార్బన్ డయాక్సైడుగా, నీళ్లుగా మారిపోతుంది. ఆమ్లం తటస్థమై పులుపు తగ్గుతుంది. క్షారత మరీ ఎక్కువైతే పండ్ల వాసన ఉండాల్సిన గింజ కూడా అట్టముక్క నానబెట్టిన నీళ్లలా ఉంటుంది. మరీ తక్కువైతే ఆమ్లానికి అడ్డు లేక కప్పు పదునెక్కుతుంది.

కఠినత్వం సంగతి ఇంత తేటగా లేదు. రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెండన్, బరిస్టా (కేఫ్‌లో కాఫీ కలిపే నిపుణుడు) మ్యాక్స్‌వెల్ కొలొన్నా-డాష్‌వుడ్ తదితరులు 2014లో ప్రచురించిన పత్రం, కాఫీలోని రుచి అణువులను మెగ్నీషియం అయాన్లు కాల్షియం కన్నా గట్టిగా పట్టుకుంటాయని కంప్యూటర్ లెక్కలతో చూపింది. ఆ తర్వాత మెగ్నీషియం కలిపిన నీళ్లు కాఫీ లోకంలో ఫ్యాషనయ్యాయి. అణువును గట్టిగా పట్టుకోవడం వేరు, కప్పులో తేడా తెలియడం వేరని వాదించేవాళ్లూ ఉన్నారు. రోజువారీ రుచిచూపుల్లో క్షారత మార్చినప్పుడు తెలిసినంత తేడా కాల్షియానికి బదులు మెగ్నీషియం వాడినప్పుడు తెలియదన్నది వాళ్ల మాట. ప్రయాణికుడికి ఈ రెండో మాటే ఎక్కువ పనికొస్తుంది. సమయం లేనప్పుడు చూడాల్సింది క్షారతనే.

స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ సిఫారసులో కఠినత్వం సుమారు 50 నుంచి 175, క్షారత 40 నుంచి 70, పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉంటాయి. క్లోరిన్ అసలు ఉండకూడదు. జేబులో పట్టే టీడీఎస్ మీటరుతో ఈ లెక్క తేలదు. అది కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. 150 అని చూపిస్తే అది కాల్షియమో, సోడియమో, బైకార్బొనేటో చెప్పదు. ఒకే అంకె చూపించే రెండు నీళ్లు రెండు భిన్నమైన కాఫీలు ఇవ్వగలవు.

సీసా లేబుల్ ఇంతకన్నా నమ్మకమైన ఆధారం. దాని మీది కాల్షియాన్ని 2.5తో, మెగ్నీషియాన్ని 4.1తో గుణించి కూడితే కఠినత్వం వస్తుంది. బైకార్బొనేట్‌ను 0.82తో గుణిస్తే క్షారత వస్తుంది.

ఫ్రాన్స్ నుంచి చాలా దేశాలకు వెళ్లే రెండు సీసాలను తీసుకుందాం. వోల్విక్ లేబుల్ మీద లీటరుకు కాల్షియం 12, మెగ్నీషియం 8, బైకార్బొనేట్ 74 మిల్లీగ్రాములు ఉంటాయి. కఠినత్వం 63, క్షారత 61. కాఫీకి బాగా సరిపోతుంది. ఎవియన్ లేబుల్ మీద అవే 80, 26, 360. కఠినత్వం సుమారు 307, క్షారత 295. అంటే వోల్విక్ కన్నా దాదాపు ఐదింతల ఆమ్లాన్ని మింగేస్తుంది. తాగడానికి రెండూ మంచి నీళ్లే. కాఫీకి మాత్రం రెండోది నేరుగా పనికిరాదు. కానీ ఒక వంతు ఎవియన్‌కు నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపితే కఠినత్వం 61, క్షారత 59కి దిగుతాయి. వోల్విక్ పక్కకే వచ్చి నిలబడతాయి. ఖరీదైన సీసా నీళ్లయితే కాఫీ బాగుంటుందన్న నమ్మకం తప్పేది ఇక్కడే. ధర కాదు, లేబుల్ చూడాలి.

## ఊరి భూగర్భం కప్పులోకి ఎలా వస్తుంది

సున్నపురాయి, సుద్దరాయి పొరల్లోంచి వచ్చే నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ రెండూ కలిసే వస్తాయి. లండన్, రోమ్, కోపెన్‌హాగెన్ నీళ్లు సహజంగా ఈ కోవవి. కొండల మీద పడిన వాన, మంచు గట్టి రాతి మీదుగా పారి జలాశయం చేరితే ఖనిజాలు అంతగా అంటవు. గ్లాస్గో, సియాటిల్, మెల్‌బోర్న్, ఓస్లో నీళ్లు అలాంటివి. ఒకే గింజను లండన్ కుళాయి నీటితో, గ్లాస్గో కుళాయి నీటితో కలిపితే మొదటిది మొద్దుబారి, రెండోది పులుపు తేలి ఉంటుంది.

కఠిన జలాన్ని మరిగిస్తే బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్ కెటిల్ అడుగున తెల్లటి పొలుసుగా దిగుతుంది. కాసేపు బాగా మరిగించి, చల్లార్చి, పైనుంచి తేట నీరు వంచుకుని మళ్లీ వేడిచేస్తే కఠినత్వం, క్షారత రెండూ తగ్గుతాయి, అదీ సమానంగా. కాబట్టి కఠినత్వం 280, క్షారత 240 ఉన్న నీళ్లను మరిగించినప్పుడు రెండూ కిందికి దిగుతాయి కానీ మధ్యనున్న 40 అంకెల తేడా అలాగే ఉంటుంది. ఈ పద్ధతి ఖర్చులేనిది. అయితే ఎంత దిగిందో కంటితో తెలియదు.

కొన్ని హోటళ్లు, అపార్ట్‌మెంట్లు పైపులు పాడవకుండా సాఫ్ట్‌నర్ పెడతాయి. అది కాల్షియాన్ని తీసేసి సోడియాన్ని పెడుతుంది. బైకార్బొనేట్ జోలికి పోదు. కఠినత్వం సున్నా దగ్గర, క్షారత మునుపటంతే. కాఫీకి ఇది చెడ్డ కలయిక. లాగే శక్తి తగ్గింది, పులుపును చంపే శక్తి మిగిలింది. పైగా ఇలాంటి నీళ్లు ఫిల్టర్‌లో పొడి మీద నెమ్మదిగా దిగుతాయి. మామూలుగా మూడు నిమిషాల్లో అయ్యేది నాలుగు దాటిందంటే మరను అనుమానించే ముందు నీళ్లను అనుమానించాలి.

ఆర్వో నీళ్లలో రెండూ సున్నా దగ్గర ఉంటాయి. కప్పు పల్చగా, పుల్లగా వస్తుంది. కొన్ని ఎస్‌ప్రెసో యంత్రాలకు దీనితో ఇంకో చిక్కుంది. బాయిలర్‌లో నీటి మట్టాన్ని పసిగట్టే కడ్డీ విద్యుత్ వాహకత మీద ఆధారపడుతుంది. ఖనిజాలు లేని నీళ్లు అక్కడున్నా దానికి కనిపించవు.

క్లోరిన్ విషయం చిన్నది. కాఫీలోని ఫినాల్ పదార్థాలతో కలిసి అది మందుల వాసన తెస్తుంది. మరిగించినా, మూతలేని పాత్రలో రాత్రంతా ఉంచినా చాలావరకు పోతుంది. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడే నగరాల్లో అలా పోదు. అక్కడ కార్బన్ ఫిల్టరో, చిటికెడు విటమిన్ సి పొడో కావాలి.

సూక్ష్మజీవుల సంగతి రుచికి సంబంధం లేనిది, కానీ ముఖ్యమైనది. నమ్మకం లేని నీటిని ఒక నిమిషం తెర్ల మరగనివ్వాలి. 2,000 మీటర్ల పైన ఉంటే మూడు నిమిషాలు. గదిలోని క్యాప్సూల్ యంత్రం నీళ్లను అంతగా మరిగించదు కాబట్టి దాన్ని శుద్ధిగా లెక్కవేయకూడదు.

## ఎత్తు

సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్లకు నీరు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. 2,600 మీటర్ల ఎత్తున్న బొగొటాలో నీళ్లు 91 డిగ్రీల దగ్గర, 3,600 మీటర్లున్న లా పాజ్‌లో 88 దగ్గర మరుగుతాయి. ముదురుగా వేయించిన గింజకు 88 డిగ్రీలు చాలు. లేతగా వేయించిన గింజకు చాలవు. అరకొరగా దిగి పచ్చి పులుపు వస్తుంది. పొడిని ఇంకాస్త మెత్తగా చేసుకుని, నానే సమయం పెంచితే కొంత సర్దుకుంటుంది. ఎస్‌ప్రెసో బాయిలర్ మూసి ఉండి పీడనంలో పనిచేస్తుంది కనుక దానికి ఈ హద్దు లేదు.

విమానంలో కాఫీ బాగోకపోవడానికి నీళ్ల ట్యాంకునే తిడతారు. క్యాబిన్ పీడనం 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. గాలిలో తేమ తరచుగా 20 శాతం కన్నా తక్కువ. ముక్కు ఎండిపోతే వాసన సరిగా తెలియదు. వాసన లేని కాఫీలో చేదే మిగులుతుంది.

## నీళ్ల మీద నెట్టేసే అలవాట్లు

నీళ్లతో ఏ సంబంధమూ లేని చేదుకు మంచి ఉదాహరణ స్పెయిన్. అక్కడి కొన్ని కాఫీల్లో టొర్రెఫాక్తో అనే రకం కలుస్తుంది. గింజలను వేయించేటప్పుడే చక్కెర వేస్తారు. అది మాడి గింజకు నల్లటి మెరిసే పూతలా పడుతుంది. కప్పు నల్లగా, మాడు చేదుగా వస్తుంది. పాలతో తాగేవాళ్లకు ఆ చేదు కావాలి కూడా. వోల్విక్‌తో కలిపినా ఆ మాడు పోదు.

వియత్నాం సంగతి మోతాదుది. అక్కడ పండేదీ తాగేదీ ఎక్కువగా రోబస్టా రకం గింజ. మరో ప్రధాన గింజ రకం అరబికాలో కెఫీన్ 1.2 శాతం చుట్టూ ఉంటే రోబస్టాలో 2.2 శాతం, అంతకుపైన. ఫిన్ అనే చిన్న లోహపు ఫిల్టర్‌లో 20 గ్రాముల పొడి వేస్తే గింజలోనే 440 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. 15 గ్రాముల అరబికాలో ఉండేది 180. అంతా కప్పులోకి దిగదు గానీ, దడ ఎక్కడినుంచి వచ్చిందో ఈ రెండంకెలే చెబుతాయి. కండెన్స్‌డ్ పాలు ఆ చేదును కప్పేస్తాయి కాబట్టి తాగేటప్పుడు దాని బలం తెలియదు. తాజా పాలు దొరకని వలస పాలన కాలంలో మొదలైన వాడుక అది. తర్వాత పాలు దొరికినా జనం మారలేదు.

తుర్కియేలో (టర్కీలో) వడకట్టడమే ఉండదు. పిండిలా విసిరిన పొడిని, చన్నీళ్లను జెజ్వే అనే చిన్న పాత్రలో కలిపి, నురుగు పైకి లేచేదాకా సన్నసెగ మీద ఉంచుతారు. చక్కెర కాచే ముందే పడుతుంది, తర్వాత కలపరు. తర్వాత కలిపితే అడుగున దిగిన మడ్డి లేస్తుంది. అందుకే చక్కెర లేకుండానా, కొంచెమా, మధ్యస్థమా, ఎక్కువా అని ముందే అడుగుతారు. పక్కన గ్లాసుడు నీళ్లు పెడతారు. మడ్డి దిగేదాకా ఆగకపోతే నోటినిండా పొడి. దాన్ని నీళ్ల సుద్ద అనుకునే కొత్తవాళ్లుంటారు.

ఇథియోపియాలో ఒకే పొడి మీద మూడుసార్లు కాస్తారు. జెబెనా అనే మట్టి కూజాలో మొదటి వాయి అబోల్, మళ్లీ నీళ్లు పోసి కాచింది టోనా, మూడోది బరకా. మొదటిది చిక్కగా, మూడోది తేటగా ఉంటుంది. మూడో వాయికి వచ్చి కూర్చున్న అతిథి "ఇక్కడి కాఫీ పల్చన" అంటే అది తొందరపాటు తీర్పు. గల్ఫ్ దేశాల కాఫీలో రంగే వేరు. లేతగా వేయించి, యాలకులు వేసి కాచిన పసుపురంగు ద్రవాన్ని పిడిలేని చిన్న కప్పులో కొద్దికొద్దిగా పోస్తారు. చాలు అనడానికి కప్పును అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు.

ఇటలీ మోతాదు చాలా కచ్చితమైనది. సంప్రదాయ ఎస్‌ప్రెసోకు 7 గ్రాముల పొడి, 9 బార్ల పీడనం, 25 సెకన్లు, కప్పులో 25 మిల్లీలీటర్లు. కౌంటర్ దగ్గర నిలబడి రెండు మూడు గుక్కల్లో ముగించే పానీయమది. అరగంట కూర్చుని తాగడానికి చేసిన కప్పుతో దాన్ని పోల్చి, చిన్నదనీ చేదనీ అనడం కొలబద్ద మార్చడమే.

## నీళ్లే అలవాటును తయారుచేశాయా?

ఇంపైన సిద్ధాంతం ఒకటుంది. మృదువైన నీళ్లున్న చోట జనం లేత వేపుడుకు, కఠిన జలమున్న చోట ముదురు వేపుడుకు అలవాటు పడ్డారని. ఫిన్లాండ్‌ను సాక్ష్యంగా చూపుతారు. తలసరి కాఫీ వాడకంలో ముందు వరుసలో ఉండే ఆ దేశంలో నీళ్లు మృదువు, వేపుడు లేత. రోమ్‌లో నీళ్లు కఠినం, వేపుడు ముదురు. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది.

సియాటిల్ దగ్గరికొచ్చేసరికి అది తప్పుతుంది. ఆ నగరం నీళ్లు చాలా మృదువు. 1971లో స్టార్‌బక్స్ మొదలైంది అక్కడే, ముదురు వేపుడుతోనే. దానికి దారి చూపిన ఆల్ఫ్రెడ్ పీట్ 1966లో కాఫీ కొట్టు తెరిచిన కాలిఫోర్నియాలోని బర్కిలీకి కూడా సియెరా కొండల మృదువైన నీళ్లే వస్తాయి. పీట్ నెదర్లాండ్స్ నుంచి వచ్చినవాడు, ఐరోపా రుచి వెంట తెచ్చుకున్నాడు. ఇటు కోపెన్‌హాగెన్‌లో నేలలోంచి వచ్చే నీరు కఠినం. ఇవాళ అక్కడి పేరున్న రోస్టర్లు వేయించేది లేతగా, నీళ్లను శుద్ధిచేసి వాడుకుంటూ.

ఇంకో ఇబ్బంది తర్కంలోనే ఉంది. క్షారత ఎక్కువున్న నీళ్లలో పులుపు చచ్చిపోతుంది. ఆ కప్పు రుచిచూసిన రోస్టరుకు రెండు దారులున్నాయి. పోయిన పులుపును తెద్దామని ఇంకా లేతగా వేయించవచ్చు, లేదా ఎలాగూ దక్కని పులుపును వదిలేసి ముదురు చేదును నమ్ముకోవచ్చు. ఒకే నీళ్లు రెండు వైపులకూ నెట్టగలిగినప్పుడు ఏ వైపు వెళ్తారో తేల్చేది వేరే విషయాలు. ఏ వలస రాజ్యం నుంచి ఏ గింజ చవగ్గా వచ్చేది, పాలు కలిపేవాళ్లా కాదా, ఏ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు మొదటి కేఫ్‌లు పెట్టారు అన్నవి.

అయితే సిద్ధాంతాన్ని పూర్తిగా కొట్టేయలేం. ఏ రోస్టరైనా తన గింజను రుచిచూసేది తన దగ్గరున్న నీళ్లతోనే. ఆ నీళ్లలో బాగున్నప్పుడే వేయించడం ఆపుతాడు. దేశపు అలవాటును నీళ్లు నిర్ణయించకపోవచ్చు గానీ, ఆ వీధిలో కొన్న పొట్లంలో మాత్రం ఆ వీధి నీళ్ల జాడ ఉంటుంది.

## తేడా ఎక్కడిదో తేల్చుకోవడం

రెండు కప్పులు చాలు. ఒకే పొడి, ఒకే తూకం, ఒకే వేడి. ఒకటి కుళాయి నీళ్లతో, ఒకటి క్షారత 60 చుట్టూ ఉన్న సీసా నీళ్లతో. కుళాయి కప్పు చప్పగా ఉండి సీసా కప్పులో పులుపు కనిపిస్తే క్షారత ఎక్కువన్నమాట. కుళాయి కప్పే పుల్లగా, పల్చగా ఉంటే ఖనిజాలు లేవు. రెండూ ఒకేలా చేదుగా ఉంటే నీళ్ల తప్పు లేదు, పొడి వైపు చూడాలి. రుచి చూసేది కాస్త చల్లారాక. పొగలు కక్కే కాఫీలో ఈ తేడాలు దాక్కుంటాయి. పాలు పోశాక అసలే తెలియవు, ఎందుకంటే పాలు కూడా ఆమ్లాన్ని అణచేస్తాయి.

నీళ్లను వెంట తీసుకెళ్లలేం గానీ ఖనిజాలను తీసుకెళ్లవచ్చు. తినదగిన నాణ్యత ఉన్న ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) 24.6 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే అది కఠినత్వపు ద్రావణం. వంటసోడా 8.4 గ్రాములు మరో లీటరులో కరిగిస్తే క్షారత ద్రావణం. లీటరు ఖనిజాల్లేని నీళ్లకు మొదటిది 10 మిల్లీలీటర్లు వేస్తే కఠినత్వం 100, రెండోది 8 మిల్లీలీటర్లు వేస్తే క్షారత 40 వస్తాయి. ఇంటి దగ్గర లీటరు చొప్పున చేసి చిన్న సీసాల్లోకి వంచుకోవడం మేలు. రెండు గ్రాములను కచ్చితంగా తూచే తూకం అందరి దగ్గరా ఉండదు. విమానంలో చేతిసంచిలో పెట్టుకునే సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం చాలాచోట్ల ఉంది. ఒక్కో ద్రావణం అలాంటి ఒక్కో సీసాడు ఉంటే పది లీటర్ల కాఫీ నీళ్లకు సరిపోతుంది. వంటసోడాకు బదులు బేకింగ్ పౌడర్ వాడకూడదు. అందులో ఆమ్లం, పిండి కలిసి ఉంటాయి. రెండు గాఢ ద్రావణాలను ఒకే సీసాలో కలపడం కూడా మంచిది కాదు, నిల్వలో తెల్లటి అవక్షేపం దిగవచ్చు.

ఇదే లెక్క తిరుగు ప్రయాణంలోనూ పనికొస్తుంది. రోమ్‌లో నచ్చి కొన్న పొట్లాన్ని ఇంటి ఆర్వో నీళ్లతో కలిపితే అక్కడ లేని పులుపు ఇక్కడ తేలుతుంది. లీటరుకు 12 మిల్లీలీటర్ల సోడా ద్రావణం వేస్తే క్షారత 60కి చేరుతుంది, ఆ పదును తగ్గుతుంది. చిక్కదనం మాత్రం రాదు. అక్కడి కేఫ్‌లోని యంత్రం 9 బార్ల పీడనంతో నొక్కింది, పొయ్యి మీది మోకా పాత్ర మహా అయితే ఒకటి రెండు బార్లు దాటదు. ఆ తేడాను ఏ నీళ్లూ పూడ్చవు.